టెక్ సందేహాలు: ఫలితాల రోజు చతికిలపడే సైటుకు పెద్ద సర్వరే మందా?

ప్రశ్న: వరంగల్ నుంచి ఉద్యోగ నోటిఫికేషన్ల వెబ్‌సైటు నడుపుతున్నాను. వర్డ్‌ప్రెస్‌లో కట్టించాం. 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న వీపీఎస్ (ఒక పెద్ద మెషీన్‌లో మన వాటాగా ఇచ్చే సర్వరు) మీద ఉంది. మామూలు రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు మాత్రం అరగంట తిరక్కుండానే 504, ఆ తర్వాత 502 ఎర్రర్లు మొదలవుతాయి. హోస్టింగ్ వాళ్లు 16 కోర్ల ప్లాన్‌కు మారమంటున్నారు. నెల ఖర్చు నాలుగింతలవుతుంది. మా డెవలపరేమో కోడ్ సరిచేస్తే చాలంటున్నాడు, దానికి నెల గడువు అడుగుతున్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపించి టెన్షన్‌గా ఉంది. మొన్నటి స్లో క్వెరీ లాగ్ (డేటాబేస్‌ను అడిగినవాటిలో ఎక్కువసేపు పట్టినవాటి చిట్టా) జతచేశాను. ఏది ముందు చేయమంటారు?

జవాబు: కొత్త ప్లాన్‌కు ఇప్పుడే డబ్బు కట్టకండి. నెల రోజుల కోడింగ్ పనికి కూడా ఇప్పుడే ఒప్పుకోకండి. మీ సైటు ఎక్కడ ఆగిపోతోందో ముందు తెలియాలి. అది తేల్చడానికి ఒక సాయంత్రం చాలు.

మీరు రాసిన ఎర్రర్లలోనే ఒక ఆధారం ఉంది. 504 అంటే ముందున్న వెబ్ సర్వరు బాగానే ఉంది, వెనకుండి పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ నుంచి జవాబు కోసం చూసి చూసి వదిలేసింది. 502 అంటే వెనకున్నది అసలు పలకలేదు, లేదా మధ్యలో తెగిపోయింది. ముందు 504, తర్వాత 502 వస్తున్నాయంటే వెనకాల ఏదో నెమ్మదిగా నడిచి, క్యూ పెరిగి, చివరికి కూలబడుతోందన్నమాట. ఆ సమయంలో సర్వరులో టాప్ కమాండ్ నడిపి, సీపీయూ ఎంత వాడుకలో ఉందో చూడండి. సీపీయూ నూటికి నూరు శాతం వాడుకలో ఉంటే ఒక కథ. సైటు ఆగిపోయి ఉన్నా సీపీయూ ముప్ఫై శాతం దగ్గరే ఉంటే పూర్తిగా వేరే కథ. రెండో సందర్భంలో 16 కోర్లు కొన్నా పన్నెండు కోర్లు చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్లినవాళ్లకు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్ల బారులు గుర్తుంటాయి. రద్దీ పెరిగినప్పుడు ఆ వైపు గేట్లు ఎక్కువ తెరవడం ఒక పద్ధతి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్‌ను తప్పనిసరి చేయడం ఇంకో పద్ధతి. అక్కడ గేట్లు పెరగలేదు, చిల్లర కోసం ఒక్కో బండి ఆగే సమయం తగ్గింది. మీ లెక్క కూడా ఇలాగే వేద్దాం. మీ సర్వరులో ఒకేసారి 20 పీహెచ్‌పీ ప్రాసెస్‌లు నడుస్తాయనుకోండి. ఒక్కో పేజీ తయారవడానికి 2 సెకన్లు పడితే, సెకనుకు 10 పేజీలకు మించి ఇవ్వలేదు. నాలుగింతల సర్వరు కొంటే, డేటాబేస్ కూడా తట్టుకుంటే, 40 ఇస్తుంది. అదే పాత సర్వరు మీద పేజీ సమయాన్ని 0.2 సెకన్లకు దించగలిగితే 100 వస్తాయి. పైగా నెలనెలా అదనపు బిల్లు ఉండదు.

ఇక మీ లాగ్. అందులో మూడు రకాల క్వెరీలు కనిపించాయి కానీ, మొదటిదే అసలు దొంగ. హోమ్ పేజీ పక్కన ‘చివరి తేదీ దగ్గరపడినవి’ అని ఒక జాబితా పెట్టారు కదా, అది పోస్టుల అదనపు వివరాలుండే పోస్ట్‌మెటా టేబుల్‌లో ‘మెటా వాల్యూ’ అనే కాలమ్ మీద తేదీలను వెతికి, వరసలో పెట్టి, పది తెస్తోంది. వర్డ్‌ప్రెస్ ఆ కాలమ్‌కు ఇండెక్స్ (పుస్తకం చివరి పదసూచికలా వెతుకులాటను తగ్గించేది) పెట్టదు. అందులో పొడవాటి టెక్స్ట్ కూడా ఉండొచ్చు కాబట్టి అలా వదిలేశారు. దాంతో పది లైన్ల జాబితా కోసం మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ మొత్తం 3 లక్షల 40 వేల వరసలు చదువుతోంది. ఒక్కసారి కాదు, ప్రతి పేజీకీ, ప్రతి పాఠకుడికీ. ఆ క్వెరీ ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ అని చేర్చి నడిపితే, టైప్ కింద ‘ఆల్’ అనీ, రోస్ కింద ఈ అంకె దరిదాపుల్లోనూ మీకే కనిపిస్తుంది. టేబుల్ మొత్తం తిరగేస్తోందని దాని అర్థం.

చివరి తేదీలకు విడిగా ఒక చిన్న టేబుల్ పెట్టి, తేదీ కాలమ్‌కు ఇండెక్స్ ఇవ్వమని మీ డెవలపర్‌కు చెప్పండి. అంత అక్కర్లేదంటారా, ఆ జాబితాను గంటకోసారి తయారుచేసి దాచిపెట్టి అదే చూపించమనండి. చివరి తేదీలు నిమిషానికోసారి మారేవి కావు. రెండింటిలో ఏదైనా రెండు రోజుల పనే, నెల రోజులది కాదు.

ఇంతకన్నా పెద్ద ఊరట ఇంకొకటుంది. ఫలితాల రోజు మీ సైటుకు వచ్చే వేలమందీ చూసేది ఒకే పేజీ. ఎవరూ లాగిన్ అవరు, ఎవరికీ ప్రత్యేకంగా చూపించేది ఏదీ ఉండదు. అలాంటి పేజీని ప్రతి ఒక్కరి కోసం కొత్తగా వండటం ఎందుకు? ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరులోనే పేజీ క్యాష్, అంటే తయారైన పేజీ కాపీని దాచిపెట్టే సదుపాయం ఉంది. పది సెకన్లకే పెట్టుకోండి. సెకనుకు 500 మంది వచ్చినా ఆ పేజీ కోసం పీహెచ్‌పీ పది సెకన్లకోసారి మాత్రమే పనిచేస్తుంది, మిగతా అందరికీ తయారుగా ఉన్న కాపీ వెళ్తుంది. ఒక్క జాగ్రత్త: కాపీ గడువు తీరిన క్షణంలో వందలమంది ఒకేసారి పీహెచ్‌పీ మీద పడతారు. అది జరగకుండా ‘క్యాష్ లాక్’ ఆన్ చేయాలి. కొత్తది తయారయ్యేదాకా పాత కాపీనే చూపించే సెట్టింగ్ కూడా పెట్టాలి. ఈ రెండూ మర్చిపోయి ‘క్యాష్ పెట్టినా లాభం లేదు’ అన్నవాళ్లను చాలామందిని చూశాను.

అలాగే ఫలితాల పీడీఎఫ్‌ను మీ సర్వరులోనే పెడుతున్నట్టున్నారు. 6 ఎంబీ ఫైలు, 100 ఎంబీపీఎస్ లైను అయితే సెకనుకు రెండు డౌన్‌లోడ్‌లు. అంతే. దీనికి కోడ్ మందు కాదు, కోర్లు కూడా మందు కాదు. పీడీఎఫ్‌ను సీడీఎన్ (పాఠకులకు దగ్గర్లోని సర్వర్ల నుంచి కాపీలు అందించే సేవ) మీదికి మార్చండి, లేదా పరీక్ష పెట్టిన సంస్థ అధికారిక లింకే ఇవ్వండి.

సర్వరు మార్పు గురించి నేనింత పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం తెలిసినవాళ్ల సైటుకు ఇదే పరిస్థితి వస్తే, రాత్రంతా కూర్చుని రెట్టింపు ధర సర్వరుకు మార్చాం. రెండో రోజు పొద్దున్నే మళ్లీ అదే ఆగిపోవడం. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ప్రతి పేజీ అడుగున ‘ఈ పేజీ చూసినవారు’ అని ఒక అంకె ఉంది. ఆ లెక్క ఉన్న టేబుల్ పాత మైఐఎస్ఏఎమ్ రకం. ఆ రకంలో ఒక్క అంకె మార్చాలన్నా టేబుల్ మొత్తానికి తాళం పడుతుంది. ఒకరు అంకె పెంచుతుంటే మిగతా అందరూ బయట నిలబడాలి. రోగాన్ని కూడా జాగ్రత్తగా ప్యాక్ చేసి కొత్త ఇంటికి మేమే తీసుకెళ్లాం. కొత్త ఇన్నోడీబీ రకంలో తాళం ఒక్క వరసకే పడుతుంది. అయినా ఫలితాల రోజు అందరూ అదే పేజీ, అదే వరస కాబట్టి అక్కడా క్యూ తప్పదు. మీ సైటులో అలాంటి కౌంటర్ ఉంటే ఆ పూటకైనా తీసేయండి.

పెద్ద సంస్థలకూ ఇది కొత్తకాదు. అప్పట్లో డీవీడీలను పోస్టులో అద్దెకిచ్చే నెట్‌ఫ్లిక్స్, 2008 ఆగస్టులో డేటాబేస్ దెబ్బతిని మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయింది. ఆ తర్వాతే క్లౌడ్‌కు మారాలని నిర్ణయించుకున్నారు. ఆ పని 2016 జనవరికి గానీ పూర్తికాలేదు. ఉన్నదున్నట్టు ఎత్తి కొత్తచోట దించితే పాత సమస్యలన్నీ వెంట వస్తాయని, సాఫ్ట్‌వేర్‌ను దాదాపు మొత్తం తిరగరాసుకున్నారు. ఇంకోవైపు ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2016లో రోజుకు 20 కోట్లకు పైగా రిక్వెస్టులను 11 వెబ్ సర్వర్లతో నడిపింది. ప్రతి క్వెరీ ఎంతసేపు తీసుకుంటోందో వాళ్లు పట్టి పట్టి చూసుకునేవారు.

మరి సర్వరు ఎప్పుడు మార్చాలి? టాప్‌లో ‘ఎస్‌టీ’ అనే అంకె తరచూ పైకి పోతుంటే, అదే మెషీన్ మీదున్న పక్కవాళ్లు మీ సీపీయూ సమయాన్ని తినేస్తున్నారని. అప్పుడు మారిపోండి, ఆలోచించక్కర్లేదు. డేటాబేస్ పెరిగి ర్యామ్‌లో పట్టక పదేపదే డిస్కు నుంచి చదువుతున్నా మార్పు న్యాయమే. అయితే ముందు ఇన్నోడీబీ బఫర్ పూల్ (డేటాబేస్ తన డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటు) ఎంత ఉందో చూడండి. ఎవరూ మార్చకపోతే అది 128 ఎంబీ దగ్గరే ఉంటుంది, మీ 8 జీబీలో చాలావరకు ఖాళీగానే పడి ఉంటుంది. పీహెచ్‌పీ వెర్షన్ కూడా చూడండి. 2015 డిసెంబరులో వచ్చిన 7వ వెర్షన్‌తోనే చాలా సైట్లు 5.6 మీదకన్నా దాదాపు రెట్టింపు వేగంతో నడిచాయి. ఇంకా పాతదాని మీదే ఉన్న సైట్లు ఇప్పటికీ నాకు తగులుతున్నాయి.

కాబట్టి ఈ వారం క్యాష్, పీడీఎఫ్. వచ్చే వారం ఆ ఒక్క క్వెరీ, బఫర్ పూల్. ఆ తర్వాత లోడ్ టెస్ట్ చేసి, అంటే కావాలనే రద్దీ సృష్టించి చూడండి. అప్పటికీ సీపీయూ నిండిపోతుంటే హోస్టింగ్ వాళ్లు చెప్పిన ప్లాన్ తీసుకోండి, డబ్బు వృథా కాదు.

ప్రశ్న: మా వార్తల సైటు సర్వరు అమెరికాలో ఉంది. పాఠకులు ఎక్కువమంది ఇక్కడివాళ్లే. మార్చమంటారా? మార్చేటప్పుడు సైటు ఆగకుండా చూసుకోవడం ఎలా? (గుంటూరు నుంచి)

జవాబు: మార్చండి. దూరాన్ని ఏ కోడూ తగ్గించలేదు. ఇక్కడి నుంచి అమెరికాకు ఒక్కసారి వెళ్లి రావడానికే 200 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. పేజీ మొదలయ్యేలోపు అలాంటి రాకపోకలు మూడు నాలుగు జరుగుతాయి. అమెజాన్ క్లౌడ్ కేంద్రం ముంబైలో 2016 నుంచీ, హైదరాబాద్‌లో 2022 నవంబరు నుంచీ ఉంది. డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మీ పాఠకులకు సీడీఎన్ పెడితే సరిపోతుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. వెబ్ సర్వరును ఇక్కడికి తెచ్చి, డేటాబేస్‌ను ‘తర్వాత చూద్దాం’ అని అక్కడే వదలొద్దు. ఒక పేజీకి 40 క్వెరీలుంటే, ఒక్కోదానికి 200 మిల్లీసెకన్లు. పేజీ రావడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. రెండూ ఒకేచోట ఉండాలి.

మార్పుకు రెండు రోజుల ముందు డీఎన్ఎస్‌లో (సైటు పేరుకు సర్వరు చిరునామా చెప్పే వ్యవస్థ) టీటీఎల్‌ను, అంటే ఆ చిరునామాను ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే అంకెను, 300 సెకన్లకు దించండి. అది 86,400 దగ్గర ఉంటే పాత చిరునామా ఒక రోజంతా జనం దగ్గర నిలిచిపోతుంది. కొత్త సర్వరు చిరునామాను మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైల్‌లో (మీ ఒక్క కంప్యూటర్‌కే చిరునామా చెప్పే ఫైలు) పెట్టుకుని, లోకానికి తెలియకముందే అన్ని పేజీలూ తెరిచి చూసుకోండి. ఆఖరి కాపీ తీసేముందు కామెంట్లు, కొత్త పోస్టులు ఆపండి, లేదంటే ఆ మధ్యలో వచ్చినవి పాతచోటే ఉండిపోతాయి. పాత సర్వరులో క్రాన్ పనులు (నిర్ణీత వేళలకు వాటంతటవే నడిచేవి) ఆపడం మరవకండి. రెండుచోట్లా నడిస్తే మీ చందాదారులకు ప్రతి మెయిలూ రెండేసి సార్లు వెళ్తుంది. పాత సర్వరును మాత్రం వారం రోజులు అలాగే ఉంచి, దాని యాక్సెస్ లాగ్‌లో రాకపోకలు పూర్తిగా ఆగాయని చూశాకే రద్దు చేసుకోండి.