టైటన్ అయిపోయింది, ఇక ఏం చూడాలి?

ప్రశ్న: అన్నా, పరీక్షలయ్యాక ‘అటాక్ ఆన్ టైటన్’ మొదలుపెట్టి చివరిదాకా చూసేసినా. అప్పట్నుంచి ఏది పెట్టినా పది నిమిషాలకే బోర్ కొడుతోంది. అట్లాంటివే, డార్క్‌గా ఉండి ఫైట్లు గట్టిగా ఉండేవి ఏమన్నా చెప్పన్నా. రూమ్‌లో తలా ఒక పేరు చెబుతున్నారు, ఎవర్ని నమ్మాలో తెలియడం లేదు.
– డిగ్రీ విద్యార్థి, గుంతకల్లు

జవాబు: తమ్ముడూ, 2013లో మొదలై 2023 నవంబరులో ముగిసిన జపాన్ బొమ్మల సిరీస్ (యానిమే) అది. సీజన్ సీజన్‌కీ ఎదురుచూసినవాళ్లకే అది అయిపోయాక ఏమీ తోచలేదు, నువ్వు ఒక్క ఊపులో చూసేశావు కాబట్టి ఇంకా గట్టిగా తగిలి ఉంటుంది. ముందు ఒక మాట చెప్పు, అందులో నిన్ను పట్టేసింది ఏది? రక్తమా, గాల్లో ఎగిరే ఆ ఫైట్లా, లేకపోతే మొదటి ఎపిసోడ్‌లో గోడ బద్దలై, తల్లి కళ్లముందే పోయినప్పుడు హీరో ఎరెన్‌లో పుట్టిన కోపం పోయి పోయి ఎక్కడ తేలిందన్నదా? రక్తమే కావాలంటే ఎన్నైనా దొరుకుతాయి. నేను మాత్రం డార్క్ సిరీస్ ఏదైనా ఒక్కటే చూస్తా: ఒకరు బతకడానికి ఇంకొకరు ఏం పోగొట్టుకున్నారో చూపిస్తోందా, చూపించి తప్పెవరిదో అంత సులువుగా తేల్చుకోనివ్వకుండా మనల్ని ఇబ్బంది పెడుతోందా అని.

అందుకే ముందు ‘డోరోరో’ చూడు. ఒసాము తెజుకా 1967లో మొదలుపెట్టిన మాంగా (జపాన్ బొమ్మల కథ) అది, 2019లో కొత్తగా 24 ఎపిసోడ్లు తీశారు. కరువుతో, జబ్బులతో జనం చచ్చిపోతుంటే ఆ నేలను ఏలే దైగో అనే దొర, తన సీమ బాగుపడితే చాలు ఏమైనా తీసుకోమని దయ్యాలకు మాటిస్తాడు. అవి అతని తొలిచూలు బిడ్డ కళ్లు, చెవులు, చర్మం, కాళ్లూ చేతులూ పట్టుకుపోతాయి. ఏట్లో వదిలేసిన ఆ ముద్దను ఒక వైద్యుడు తీసుకుని కొయ్య కాళ్లు, కొయ్య చేతులు అమర్చి పెంచుతాడు. పెద్దయ్యాక ఒక్కో దయ్యాన్ని చంపేకొద్దీ ఒక్కో అవయవం తిరిగొస్తుంది. చెవులు వచ్చినప్పుడు చూడు, అంతవరకు చప్పుడంటే ఏంటో ఎరగనివాడి మీద లోకంలోని శబ్దాలన్నీ ఒక్కసారిగా పడతాయి, గెలిచిన సంతోషం లేదు, తట్టుకోలేక ముడుచుకుపోతాడు. అసలు చిక్కేమిటంటే దయ్యాలతో కుదిరిన ఆ ఒప్పందం నిజంగానే పనిచేసింది! పంటలు పండాయి, జనం కడుపునిండా తిన్నారు. వీడు తన ఒళ్లు తాను తెచ్చుకునేకొద్దీ అక్కడ మళ్లీ కష్టాలు మొదలవుతాయి. శనక్కాయ విత్తనం వేసి మబ్బు కోసం చూసే మన అనంతపురం ఇళ్లలో పెరిగినవాళ్లు దైగోను ఒట్టి దుర్మార్గుడని తిట్టి వదిలేయలేరు. నా మటుకు నాకు ఆ బిడ్డదే న్యాయం, అడగకుండా వాడి ఒళ్లు పంచిపెట్టే హక్కు తండ్రికి కూడా లేదు, కానీ ఆ మాట ఆ ఊరి జనం ముఖం చూస్తూ అనడం కష్టం.

రెండోది ‘విన్‌లాండ్ సాగా’, 2019లో ఒక సీజన్, 2023లో ఇంకొకటి. తండ్రి చావుకు కారణమైనవాడి గుంపులోనే చేరి, వాడితో కత్తి కట్టే అవకాశం కోసం వాడు చెప్పిన పాడుపనులన్నీ చేస్తూ పెరుగుతాడు థోర్ఫిన్. పగ కథలు మనకేం కొత్త కాదు. కర్నూలు, కడప అనగానే సుమోలు, వేటకొడవళ్లు తప్ప ఇంకేమీ లేనట్టు చూపించే సినిమాలు చూసి చూసి విసుగెత్తి ఉన్నాం, అవి పగ తీరగానే శుభం కార్డు వేసేస్తాయి. ఇది అక్కడ ఆగదు. పగ తప్ప ఏమీ నేర్చుకోని మనిషి, అది కూడా చేజారిపోతే ఎట్లా బతకాలన్నది రెండో సీజన్ అంతా. బానిసగా ఒక పొలంలో అడవి కొడతాడు, మోళ్లు తవ్వి పెరుకుతాడు, గోధుమలు వేసి మొలకొచ్చిందా అని వంగి చూసుకుంటాడు. ఫైట్లు తగ్గాయని చాలామంది ఇక్కడే వదిలేస్తారు. దయచేసి వదలొద్దు, సిరీస్ మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది.

ఇవి అయ్యాక ‘పారసైట్’ (2014, 24 ఎపిసోడ్లు), ‘క్లేమోర్’ (2007, 26 ఎపిసోడ్లు). ‘టోక్యో గూల్’ మొదటి సీజన్ వరకే చూడు, మిగతా కథ మాంగాలో చదువుకోవడం మేలు.

ప్రశ్న: మా వాడు ఎనిమిదో తరగతి. ఫోన్‌లో ఏదో బొమ్మల సినిమా అనుకుంటే అందులో తలలు తెగిపడుతున్నాయి. అడిగితే ‘కార్టూనే కదమ్మా’ అంటాడు. టెన్షన్‌గా ఉంది, పూర్తిగా మాన్పించాలా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అక్కా, బొమ్మలైనంత మాత్రాన పిల్లలవి కావు, మీ భయం సరైనదే. వీటిలో చాలావరకు పెద్దవాళ్ల కోసం రాసినవి, కొన్నింటిలో ఆడవాళ్లపై అఘాయిత్యాలు కూడా చూపిస్తారు. ఏ వయసువాళ్లకో యాప్‌లో రాసి ఉంటుంది, 18 దాటినవాళ్లకని ఉంటే నిస్సంకోచంగా ఆపించండి. కానీ మొత్తం మాన్పిస్తే దొంగచాటుగా చూస్తాడు. బదులుగా ‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’ పెట్టండి. చనిపోయిన అమ్మను బతికించబోయి, ఒకడు కాలు, చెయ్యి, ఇంకొకడు ఒళ్లంతా పోగొట్టుకున్న అన్నదమ్ముల కథ. ఇందులోనూ చావులున్నాయి, నాలుగో ఎపిసోడ్ అయితే పెద్దవాళ్లకే నిద్ర పట్టనివ్వదు, అందుకని మీరూ పక్కన కూర్చుని చూడండి. మీకూ నచ్చుతుంది.

ప్రశ్న: ‘బెర్సెర్క్’ ఎక్కడ మొదలుపెట్టాలి? తెలుగులో ఏమైనా దొరుకుతాయా?
– ఆదోని

జవాబు: 1997లో వచ్చిన 25 ఎపిసోడ్లు చూడండి. చాలా ఘోరమైన చోట ఆగిపోతుంది, తర్వాత మాంగాకు వెళ్లండి. 2016లో వచ్చినది వద్దు, ఆ కంప్యూటర్ బొమ్మలు కథ బరువు మోయలేవు. రచయిత కెంతారో మియురా 2021లో చనిపోయారు, ఆయన చెప్పిన కథ గుర్తుపెట్టుకున్న స్నేహితుడు కోజి మోరి, మియురా శిష్యులతో కలిసి 2022 నుంచి కొనసాగిస్తున్నారు. తెలుగు డబ్బింగ్ కావాలంటే ‘సోలో లెవలింగ్’ ఉంది. ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ 2025 సెప్టెంబరులో తెలుగులోనూ థియేటర్లకు వచ్చింది, కానీ ముందు సీజన్లు చూడకుండా నేరుగా అందులోకి దిగితే ఎవరెవరో కూడా అర్థం కాదు.