డ్రిప్పు పెట్టుకుంటే ఖర్చుకు తగ్గట్టు నీళ్లు మిగులుతాయా?

చెట్టు మొదట్లో పైపులతో చుక్కలు చుక్కలుగా నీళ్లిచ్చే డ్రిప్పు గిట్టుబాటు అవుతుందా, నీళ్లు నిజంగా మిగులుతాయా అని అడిగారు. మాది అనంతపురం జిల్లా, ఇంట్లో చీనీ (బత్తాయి) తోట ఉంది. కాబట్టి గట్టిగానే చెప్తాను: రైతుకు గిట్టుతుంది. ఊరికి మాత్రం చుక్క కూడా మిగలదు.

మా దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. ఒక ఎండాకాలం మా బోరు ఆగి ఆగి పోయడం మొదలుపెట్టింది. మోటారు వేస్తే కాసేపు నీళ్లు, కాసేపు గాలి. ఆ నీళ్లను పాదులకు వదిలితే నాలుగు చెట్లు దాటేవి కావు. డ్రిప్పు ఉండబట్టి చెట్టు చెట్టుకూ కొంచెం అందింది. నాన్న తెల్లవారుజామున కరెంటు వచ్చే వేళకు టార్చి పట్టుకుని వెళ్లి, ఒక్కో డ్రిప్పర్ కింద మట్టి తడిసిందో లేదో చేత్తో పట్టి చూసేవాడు. గట్టు అవతల పెదనాన్న తోట పాదుల మీదే ఉండేది. అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్లు పోయించాడు. చివరికి కాపుకొచ్చిన చెట్లను కొట్టించి కట్టెల లెక్కన అమ్మాడు. ఆ రోజు పెద్దమ్మ పొలానికి రాలేదు. ఏళ్ల తరబడి పెంచిన చెట్టు ఎండితే ఎంత పోతుందో మీ లెక్కలో వేసుకోండి, డ్రిప్పు చవకే అనిపిస్తుంది.

చిన్న రైతుకు 90 శాతం దాకా సబ్సిడీ ఇస్తారు గానీ తర్వాతి ఖర్చు ఎవరూ చెప్పరు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, డ్రిప్పర్లు పూడుకుపోతాయి, యాసిడ్‌తో కడగాలి. ఉడుతలు పైపులు కొరికేస్తాయి. మాకు బిగించినవాళ్లు బిల్లు మంజూరయ్యాక మళ్లీ తోట మొహం చూడలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఉమ్మడి రాష్ట్రంలో డ్రిప్పు, స్ప్రింక్లర్లకు సబ్సిడీ ఇచ్చే సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు 2003లో మొదలైంది. ఇప్పుడు మా చుట్టుపక్కల డ్రిప్పు లేని తోట కనపడదు, అయినా బోర్లు లోతుకే పోతున్నాయి. ఎందుకంటే మిగిలిన నీళ్లను ఎవరూ భూమిలో ఉంచరు. రెండెకరాల నీళ్లతో నాలుగెకరాలు పారుతుందంటే నాలుగెకరాలూ నాటేస్తారు. పాదుల్లో పారించినప్పుడు కొంతైనా కిందికి ఇంకేది, ఇప్పుడు అదీ తగ్గింది. పైగా కరెంటు ఉచితం, మోటారు ఆపాలని ఎవరికీ తోచదు. కొత్త బోరుకు అనుమతి కావాలని 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టంలోనే ఉంది. మా వైపు బోరు వేసే రిగ్గు బండి దిగాక ఆ కాగితం అడిగినవాళ్లను నేను చూడలేదు.

మా జిల్లాలోనే కొన్ని ఊళ్లలో బోరున్న రైతులు, లేని రైతులు కలిసి పైపులైను వేసుకుని నీళ్లు పంచుకున్నారు, కొత్త బోర్లు వేయకూడదని ఒప్పందం రాసుకున్నారు. సబ్సిడీ డబ్బులు ముందు అలాంటి ఊళ్లకు ఇవ్వాలి. డ్రిప్పుతో పాటు ఆ ఒప్పందం ఉంటేనే భూమిలో నీళ్లు నిలుస్తాయి.

మీరైతే పెట్టించుకోండి. కానీ మిగిలిన నీళ్లు చూసి ఇంకో ఎకరం వేయకండి. పక్క పొలాల వాళ్లతో కూడా ఈ సంగతి ఇప్పుడే మాట్లాడండి, మొక్కలు నాటేశాక ఎవరూ వినరు.