డై ఎప్పుడూ లోపలి మూల దగ్గరే ఎందుకు పగులుతుంది?

ప్రశ్న: కోల్డ్ ఫోర్జింగ్‌లో (లోహాన్ని వేడి చేయకుండా డై అనే అచ్చులో నొక్కి ఆకారం ఇచ్చే పద్ధతి) మెట్టు ఉన్న పిన్నులు తయారు చేస్తున్నాము. కొన్ని వేల పిన్నులు తీసేసరికి డై ఇన్సర్ట్ (డైలో అమర్చే లోపలి ముక్క) లోపలి మెట్టు మూల దగ్గర పగులుతోంది. లెక్క ప్రకారం ప్రతిబలం (స్ట్రెస్) ఉక్కు ఈల్డ్ పరిమితికి, అంటే ఆకారం శాశ్వతంగా మారిపోయే స్థాయికి, లోబడే ఉంది. కాఠిన్యం ఎక్కువ ఉన్న ఉక్కు వాడితే సరిపోతుందా?

జవాబు: సరిపోకపోగా, పగులు ఇంకా ముందే రావచ్చు. కాఠిన్యం పెరిగినకొద్దీ పగులును అడ్డుకునే గుణం తగ్గుతుంది కాబట్టి, ఆ మార్పు అరుగుదలకు మందే కాని పగుళ్లకు కాదు. ఈల్డ్ పరిమితి ఒక్కసారి పడే భారానికి సంబంధించినది. ప్రతి స్ట్రోకుకూ భారం పడుతూ తొలగుతూ ఉంటే అంతకంటే తక్కువ ప్రతిబలానికే లోహం అలసి పగులుతుందని జర్మన్ ఇంజినీరు ఆగుస్ట్ వోలర్ 19వ శతాబ్దంలోనే రైలు ఇరుసుల పరీక్షలతో చూపించాడు. పైగా మీ లెక్క డైని మెట్టు లేని గొట్టంగా భావించే మందపాటి గొట్టం సూత్రంతో వేసినదైతే (అదే అయి ఉంటుందని నా అనుమానం), మూలలో గుమిగూడే ప్రతిబలం అందులో కనిపించదు.

పగులు ఏ దిశలో ఉందో మీరు రాయలేదు. అసలు చూడవలసింది అదే. అది డై పొడవు వెంట నిలువుగా ఉంటే, లోపలి ఒత్తిడికి ఇన్సర్ట్ చుట్టుకొలత సాగడమే కారణం. అప్పుడు ష్రింక్ రింగ్ పనిచేస్తుంది: ఇన్సర్ట్ బయటి వ్యాసం కంటే సాధారణంగా సుమారు అర శాతం తక్కువ రంధ్రంతో రింగ్ చేసి, వేడి చేసి ఎక్కిస్తే, అది చల్లారి ఇన్సర్ట్‌ను అన్నివైపుల నుంచీ బిగించి పట్టుకుంటుంది; పని చేసేటప్పుడు పుట్టే సాగుడు ముందుగా ఆ బిగింపును రద్దు చేయవలసి ఉంటుంది. రింగ్‌ను దాని టెంపరింగ్ (గట్టిపరిచాక మళ్లీ వేడి చేయడం) ఉష్ణోగ్రత దాటి వేడి చేస్తే మాత్రం దాని బలం పోతుంది.

పగులు మూల వెంబడి గుండ్రంగా తిరిగి ఉంటే రింగ్ ఒక్కటే చాలదు. అక్కడ మూల రేడియస్ పెంచాలి. ప్రతిబలం కొద్దిగా తగ్గినా ఆయువు చాలా పెరుగుతుంది. ఆయువు ప్రతిబలం 10వ ఘాతానికి విలోమంగా మారుతుందనుకుంటే, 10 శాతం తగ్గింపుతో ఆయువు దాదాపు 2.9 రెట్లవుతుంది. పిన్ను ఆకారం రేడియస్‌కు ఒప్పుకోకపోతే, మెట్టు దగ్గరే ఇన్సర్ట్‌ను అడ్డంగా రెండు ముక్కలు చేసి ఒకదానిపై ఒకటి పేర్చవచ్చు. పగులు పుట్టడానికి మూలే ఉండదు. ముక్కలు నిలువుగా గట్టిగా బిగిసి ఉండకపోతే సందులోకి లోహం దూరుతుంది.

మూలను విద్యుత్ రవ్వలతో లోహాన్ని కరిగించి తొలిచే స్పార్క్ ఎరోజన్‌తో చేయించి ఉంటే, పైన కరిగి గడ్డకట్టిన తెల్లని పొరలో అప్పటికే సన్నని నెర్రెలు ఉంటాయి. పాలిష్ చేసి ఆ పొరను పూర్తిగా తీయించకుండా పై మార్పులేవీ పరీక్షించవద్దు.