రోమా 13 చదువుతూనే తప్పుడు చీటీలు రాశాను

"అధికారులకు లోబడాలని బైబిల్లో రోమా పత్రిక 13వ అధ్యాయంలో ఉంది కదా, మరి మా పైఆఫీసరు అర్హులైన పేదల పేర్లు లిస్టులోంచి తీసేసి సంతకం పెట్టమంటే పెట్టాలా" అని మీరు అడిగారు. పెట్టొద్దు బ్రదర్. నేను అనుభవించి చెప్తున్నాను.

మాది చిత్తూరు దగ్గర పల్లె. ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర చీటీలు రాసేవాణ్ణి. సీజన్లో తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉంటాయి, రైతు రాత్రంతా అక్కడే పడుకుంటాడు, కాయ మెత్తబడిపోతుందన్న భయంతో మనం ఎంత రాస్తే అంతకే ఒప్పుకుంటాడు. తూకంలో తగ్గించే బరువును తరుగు అంటాం, ముందు చెప్పిన తరుగు మీద ఇంకొంచెం కోసి రాయమన్నాడు మేనేజరు. రాశాను. యజమానికి లోబడమని వాక్యమే చెప్తోంది కదా అని మనసుకు సర్దిచెప్పుకుంటూ ఆ సీజనంతా రాశాను. ఒకరోజు మా నాన్న వయసు రైతు చీటీ చూసుకుని "ఇంత తరుగు ఎట్లా పోయింది నాయనా" అన్నాడు. తలెత్తలేకపోయాను. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సండే స్కూల్లో బట్టీ పట్టినవాణ్ణి, ఆ త్రాసు పక్కనే కూర్చుని జీతం తీసుకుంటున్నాను.

ఆ తర్వాతే రోమా పత్రికను నిదానంగా చదివాను. అపొస్తలుడైన పౌలు అది రాసింది దాదాపు క్రీ.శ. 57లో, రోములో నీరో చక్రవర్తి ఏలుతున్నప్పుడు. అధికారి మంచివాడు కాబట్టి లోబడమని ఆయన అనలేదు. అలాగని అధికారి ఏ పాపం చెప్తే అది చేయమనీ అనలేదు. అదే పౌలును ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మంటే వెళ్లలేదు, మేము రోమా పౌరులం, ఆ అధికారులే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. హెబ్రీయుల మగపిల్లల్ని చంపమని ఐగుప్తు రాజు ఫరో చెప్తే షిఫ్రా, పూయా అనే మంత్రసానులు చంపలేదు. దానియేలు సంగతి నాకు ఇంకా ఇష్టం, ప్రార్థన మానమన్న శాసనాన్ని పాటించలేదు, సింహాల గుహలో పడ్డాడు, పొద్దున్నే వచ్చిన రాజుతో మాత్రం "రాజు చిరకాలము జీవించునుగాక" అన్నాడు. రాజును గౌరవించాడు, శిక్షకు పారిపోలేదు, దేవునికి చెల్లాల్సింది మాత్రం రాజుకు ఇవ్వలేదు. లోబడటం అంటే నాకు అర్థమైంది అదే.

కానీ మీకూ నాకూ దగ్గరివాడు ఓబద్యా. మన సంఘాల్లో ఆయన గురించి ఎందుకో ఎక్కువ చెప్పరు. ఇశ్రాయేలును ఏలిన అహాబు లాంటి చెడ్డ రాజు దగ్గర గృహనిర్వాహకుడు. రాణి యెజెబెలు యెహోవా ప్రవక్తల్ని చంపిస్తుంటే నూరుమందిని యాభై యాభైమందిగా గుహల్లో దాచి అన్నం, నీళ్లు పెట్టాడు. ఉద్యోగం వదల్లేదు, ఉద్యోగం చేస్తూనే కాపాడాడు. ప్రవక్త ఏలీయా, నేను ఇక్కడ ఉన్నానని వెళ్లి రాజుకు చెప్పు అంటే, నన్ను చంపేస్తాడు, నేనేం పాపం చేశాను అని వణికిపోయాడు. భయపడుతూనే వెళ్లి చెప్పాడు. నాకూ భయం వేసింది కాబట్టి ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో.

తర్వాతి సీజను మొదట్లోనే మేనేజరు దగ్గరికి వెళ్లి, సార్, ఏ పని చెప్పినా చేస్తాను, కాటా చూపించిన అంకె మాత్రం మార్చి రాయను అన్నాను. అరవలేదు. మర్నాడు నన్ను గోడౌన్‌కు మార్చారు, జీతం తగ్గింది, ఆ పై ఏడాది పిలవలేదు. కాటా దగ్గర ఇంకొకడు కూర్చున్నాడు, తరుగు అలాగే పోయింది. నేను మానేస్తే అన్యాయం ఆగిపోతుందని నేనూ అనుకున్నాను, ఆగలేదు. అయినా ఆ చీటీల మీద నా చేతిరాత లేదు.

మీరు రేపు ఆఫీసులో మర్యాదగా చెప్పండి, ఏ పేరు ఎందుకు అర్హమో కాగితం మీద రాసి ఇవ్వండి. అంతకంటే ముందు ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. నేను చెప్పలేదు, తగ్గిన జీతం చేతికిచ్చిన రోజే నా భార్యకు తెలిసింది. నేను చేసిన పనికి ఆమె బాధపడలేదు బ్రదర్, ముందే చెప్పి ఉంటే కలిసి ప్రార్థన చేసుకునేవాళ్లం కదా అని ఏడ్చింది.