బాబు థెరపీకి ఎఫ్‌డీ తీయాలా, మూడేళ్లు వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: మా బాబుకు 22 నెలలు. పేరు పెట్టి పిలిస్తే చూడడు, వేలు పెట్టి ఏదీ చూపించడు. ఆటిజం రిస్కు ఉంది, ఇప్పుడే థెరపీ మొదలుపెట్టమని డాక్టరు అన్నారు. వారానికి నాలుగు సెషన్లు, ఒక్కోటి 800. ఏడాదికి ఒకేసారి కడితే 1,30,000 అంటున్నారు. మావారి జీతం 64,000. ఎఫ్‌డీ 3 లక్షలు, బాబు చదువుకని నెలకు 8,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టేది) ఉన్నాయి. మావారికీ మూడేళ్లు వచ్చేదాకా మాటలు రాలేదని, ఆగమని అత్తయ్యగారు అంటున్నారు. - ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ఆగకండమ్మా. ఆటిజం అని తేలేదాకా థెరపీ మొదలుపెట్టకూడదన్న రూలేమీ లేదు, రేపు కాదని తేలినా మాటకూ ఆటకూ పెట్టిన డబ్బు వృథా పోదు, కానీ మెదడు వేగంగా ఎదిగే ఈ ఏడాది పోతే మళ్లీ రాదు.

అయితే డబ్బు కట్టేముందు జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి వెళ్లండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద నడుస్తుంది, ఉచితం, వైకల్య సర్టిఫికెట్ అడగరు. పిలిస్తే పలకడం లేదు కాబట్టి ముందు వినికిడి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఆరేళ్లలోపు పిల్లలకు ప్రత్యేక కేంద్రం ఉంది, ఒకసారి అక్కడా చూపిస్తే మంచిది.

ఇక లెక్క. నెలకు 16 సెషన్లంటే 12,800. సిప్‌ను కొన్నాళ్లు ఆపండి, ఉన్న యూనిట్లు అమ్మొద్దు. అతని చదువు కోసం దాస్తున్న డబ్బే కదా, ఇప్పుడు ఖర్చయ్యేదీ ఆ చదువుకే. మిగతా 4,800 జీతంలోంచి సర్దలేకపోతే ఎఫ్‌డీలోంచి తీసుకోండి, ఏడాదికి 57,600 అవుతుంది. ఎఫ్‌డీ మొత్తం ముట్టుకోవద్దు, ఇంట్లో జీతం ఒక్కటే కదా.

ప్యాకేజీ మాత్రం వద్దు. 23,600 తగ్గుతుందని ఆశపడి ఏడాది డబ్బు ముందే కట్టేస్తే, థెరపిస్టు మారిపోయినా బాబు ఇమడలేకపోయినా మీరు ఇరుక్కుపోతారు. నెలనెలా కట్టండి, మూడు నెలలకోసారి ఏం మారిందో రాతపూర్వకంగా అడగండి. మిమ్మల్ని గదిలో కూర్చోనివ్వని సెంటరుకు అసలు వెళ్లొద్దు. థెరపిస్టు సబ్బు బుడగలు ఊది, ఆపి, బాబు తలెత్తి తన మొహంలోకి చూసేదాకా ఆగి మళ్లీ ఊదుతుంది చూడండి, అది మీరు నేర్చుకుంటే స్నానం దగ్గరా అన్నం దగ్గరా రోజంతా చేయించొచ్చు, ఆ 800కి అసలు విలువ అక్కడే ఉంది. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నయమవుతుందని లక్షలు అడిగేవాళ్లు తగులుతారు, ఒక్క రూపాయి ఇవ్వకండి.

తర్వాత ఆటిజం అని తేలి సర్టిఫికెట్ వస్తే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా తీసుకోండి, ఏడాదికి లక్ష దాకా కవర్, థెరపీ ఖర్చుకూ కొంత వస్తుంది. వైకల్యం ఉన్నవారి ఖర్చుకు ఆదాయపు పన్నులో ఇచ్చే 80డీడీ మినహాయింపు గురించి టెన్షన్ వద్దు, మీ జీతానికి కొత్త పన్ను విధానంలో ఎలాగూ పన్ను పడదు.

ఈ వారంలోనే డీఈఐసీకి వెళ్లండి, టీకాల కార్డు, బాబు ఇంట్లో ఆడుకుంటుండగా ఫోన్లో తీసిన రెండు మూడు వీడియోలు వెంట ఉంచుకోండి. వీలైతే అత్తయ్యగారినీ తీసుకెళ్లండి, పగలంతా బాబుతో ఆమె కూడా ఉంటారు కాబట్టి ఆమె నేర్చుకుంటే మీకు సగం భారం తగ్గుతుంది.