బాపుకు ఆ సీసా ఆపించండి

ప్రశ్న: మా బాపుకు 66 ఏండ్లు. షుగర్, బీపీ ఉన్నాయి. రెండేండ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలుచబడే గోళీలు వాడుతున్నాడు. మా మేనబావ పసుపు, గ్రీన్ టీ, ద్రాక్ష గింజల సారంతో చేసిన క్యాప్సూల్స్ తెచ్చి, 'ఇవి యాంటీ ఆక్సిడెంట్లు, ముసలితనం దగ్గరికి రాదు, చెట్ల మందు కాబట్టి ఏ ఇబ్బందీ ఉండదు' అన్నాడు. సీసా 2,400 రూపాయలు. నెల నుంచి వేసుకుంటున్నాడు. కొనసాగించాలా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, ఈ రోజే ఆ క్యాప్సూల్ ఆపించండి. గుండె డాక్టరు రాసిన గోళీలు మాత్రం ఒక్కటి కూడా మానొద్దు.

కూరలో పసుపు వేరు, క్యాప్సూల్‌లో సారం వేరు. పసుపులో అసలు పనిచేసే పదార్థం అనుకునే కర్క్యుమిన్, పసుపు బరువులో సుమారు 3 శాతమే, అది కూడా ఒంటికి సరిగా పట్టదు, అందుకే చాలా కంపెనీలు మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతాయి, అది కర్క్యుమిన్‌తో పాటు కొన్ని మందులు ఒంటికి పట్టే తీరును కూడా మార్చగలదు. సారం మోతాదు ఎక్కువైతే రక్తం పలుచబడే గోళీలతో కలిసి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఇలాంటి పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం దెబ్బతిన్నవాళ్లూ ఉన్నారు. గ్రీన్ టీ సారం గురించి యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది, అందులోని ఈజీసీజీ అనే పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు దాటితే కాలేయానికి మంచిది కాదని. చిగుళ్ల నుంచి రక్తం, నల్లటి విరేచనం, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, వీటిలో ఏది కనిపించినా ఆ సీసా చేతిలో పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. ఏమీ లేకపోయినా ఈసారి చూపించుకునేటప్పుడు డాక్టరుకు ఆ సీసా చూపించి, కాలేయం పరీక్ష చేయాలా అని అడగండి.

'చెట్లదే కదా' అనే మాటకే నాకు బాధేస్తుంది. క్యారట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ కూడా యాంటీ ఆక్సిడెంటే, అంటే కణాలు పాడవకుండా కాపాడుతుందని చెప్పే పదార్థమే. దాన్ని ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగేవాళ్ల మీద పరీక్షించారు, ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఆశపడి. 1994లో ఫలితం చూస్తే, ఆ గోళీ మింగినవాళ్లలో క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది! ముసలితనాన్ని ఆపే క్యాప్సూల్ అని మనుషుల్లో రుజువైనది ఇప్పటిదాకా ఏదీ లేదు.

ఆ 2,400తో ఏం చేయాలంటారా? నల్లగొండ బత్తాయి ఉండనే ఉంది, జ్యూస్ తీసి చక్కెర కలపకుండా తొనలు తొనలుగా తిననివ్వండి. సీజన్‌లో అల్లనేరేడు పండ్లు, ఉసిరికాయ, మునగాకు పప్పు, పుంటికూర, జొన్న రొట్టె. ఒక్క మాట, ఆయన వాడే గోళీ వార్ఫరిన్ అయితే ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు, రోజూ తినేంతే తినాలి. బాలానగర్ సీతాఫలం తీపి ఎక్కువ కాబట్టి షుగర్ చూసుకుని కొంచెమే.

బాపుకు బీడీ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే అన్నిటికన్నా ముందు అది మాన్పించాలి, స్టెంట్ వేసిన గుండె కదా. దాని గురించి మళ్లీ రాయండి, వివరంగా చెబుతాను.