జావాస్క్రిప్ట్ చెక్ ఉన్నా సర్వర్లో ఇఫ్‌లు తీసేయకండి

"ఫారంలో రిక్వైర్డ్ (తప్పక నింపాలి), మిన్, మాక్స్ (కనిష్ఠ, గరిష్ఠ హద్దులు) అన్నీ పెట్టాను, జావాస్క్రిప్ట్ కూడా చెక్ చేస్తోంది. మళ్ళీ సర్వర్లో నడిచే పీహెచ్‌పీలో అవే ఇఫ్ ఎల్స్‌లు రాయడం డబుల్ పని కదా?" అని అడిగారు. డబుల్ పనే అనిపిస్తే జావాస్క్రిప్ట్‌ది తీసేయండి, సర్వర్‌ది ముట్టుకోకండి. బ్రౌజర్లో చెక్ అంటే మా బెంగళూరు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్ లాంటిది. వచ్చినవాడే రాసుకుంటాడు, ఏం రాసినా లోపలికి వదిలేస్తారు.

మా వైట్‌ఫీల్డ్ వైపు తెలుగువాళ్ళం కొందరం కలిసి ఉగాది చేస్తాం. పండగ రోజున కన్నడంవాళ్ళకీ యుగాదే కాబట్టి ఒక్క హాలూ దొరకదు. అందుకని తర్వాతి ఆదివారానికి జరుపుతాం. పంచాంగ శ్రవణం, పిల్లల పాటలు ఎలా ఉన్నా జనం వచ్చేది భోజనానికే, కాబట్టి తలల లెక్క ముఖ్యం. ఒక ఏడాది రిజిస్ట్రేషన్ ఫారం కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కుర్రాడు రాశాడు. చురుకైనవాడే, ఫారం చూడ్డానికి కూడా బావుంది. పేరు, ఫోను, పెద్దలెంతమంది, పదేళ్ళలోపు పిల్లలెంతమంది, కారులో వస్తున్నారా, వస్తే బండి నంబరు. పిల్లలకి టికెట్ లేదు కానీ రంగు పెన్సిళ్ళ డబ్బా ఇవ్వాలి, అందుకని లెక్క కావాలి.

డబ్బు లెక్కలు చూసే మాస్టారు లిస్టు ప్రింటు తీసుకుని నా దగ్గరికొచ్చారు. "ఏమయ్యా, ఈ మారతహళ్ళి పీజీ హాస్టళ్ళలోంచి ఇంతమంది పిల్లలు ఎలా వస్తున్నారు?" అన్నారు. చూస్తే నిజమే. పెద్దలు 1, పిల్లలు 1. కింద ఇంకొకడు, పెద్దలు 1, పిల్లలు 1. పేజీ నిండా ఇదే వరస. నాకు తెలిసిన ఒక బ్యాచిలర్‌కి ఫోన్ చేసి అడిగాను. "అన్నా, సున్నా కొడితే 'పిల్లల సంఖ్య తప్పనిసరి' అని ఎర్రగా వస్తోంది. ఒకటి కొడితే ఊరుకుంది. ఏం చేయమంటావ్? పెళ్ళి కాకముందే తండ్రిని చేసింది మీ ఫారం" అన్నాడు.

కోడ్ తెరిస్తే నేను అనుకున్నదే. గడి ఖాళీగా ఉందో లేదో చూడ్డానికి ఎంప్టీ ఫంక్షన్ వాడాడు. పీహెచ్‌పీలో ఎంప్టీకి ఖాళీ గడీ, సున్నా అంకె రెండూ ఒకటే. పిల్లల్లేనివాడు నిజం రాస్తే అసలేమీ రాయనట్టు లెక్క. మాన్యువల్లో ఈ విషయం స్పష్టంగా ఉంటుంది, ఎవరూ చదవరు. ఇప్పుడైతే ఏఐ రాసిచ్చిన కోడ్‌నే చదవడం లేదు, ఇంక మాన్యువల్ ఎవరు చూస్తారు.

కుర్రాడికి చెప్పగానే "సారీ అన్నా, తీసేస్తా" అని నిజంగానే ఆ ఇఫ్ మొత్తం తీసేశాడు. "హెచ్‌టీఎంఎల్‌లో మిన్ సున్నా ఉంది, రిక్వైర్డ్ ఉంది, చాలదా?" అన్నాడు. అచ్చం మీరడిగినట్టే. మాటలతో చెబితే ఎక్కదని అతని ముందే ఎఫ్12 నొక్కి పేజీ కోడ్ తెరిచి, పిల్లల గడి మీద రైట్ క్లిక్ చేసి, మిన్ అన్న ముక్క చెరిపేసి, మైనస్ 40 కొట్టి పంపాను. "మీ రిజిస్ట్రేషన్ పూర్తయింది, ఉగాది శుభాకాంక్షలు" అని వచ్చింది. నిర్వాహకుల పేజీలో భోజనాల మొత్తం అక్కడికక్కడే పడిపోయింది. క్యాటరింగ్ ఆయన మనకి వడ్డించడం పోయి మనమే ఆయనకి నలభై విస్తళ్ళు బాకీ పడ్డట్టు తేలింది. నేనేం హ్యాకర్ని కాదు, ఆ మిన్ చెరపడం స్కూలు పిల్లలకి కూడా చేతనవుతుంది.

కాబట్టి షరతులు సర్వర్లో ఉండాలి, అదీ సరైన వరసలో. ముందు ఆ గడి అసలు వచ్చిందా అన్నది ఇస్‌సెట్‌తో చూడాలి. తర్వాత ట్రిమ్ చేసి (అటూ ఇటూ ఉన్న స్పేసులు తీసేసి), మిగిలింది ఖాళీయా అన్నది ఎంప్టీతో కాకుండా ఖాళీ స్ట్రింగ్‌తో మూడు ఈక్వల్స్ (విలువతో పాటు రకం కూడా ఒకటేనా అని చూసే గుర్తు) పెట్టి పోల్చాలి. ఆ తర్వాత అది పూర్ణాంకమా, సున్నాకీ మనం పెట్టిన హద్దుకీ మధ్య ఉందా అన్నవి ఫిల్టర్ వార్ ఫంక్షన్ ఒక్కటే చూసిపెడుతుంది, ఫిల్టర్ వాలిడేట్ ఇంట్‌తో పాటు మిన్ రేంజ్, మాక్స్ రేంజ్ ఇస్తే చాలు. ఇక్కడా అదే గొయ్యి ఉంది. ఫిల్టర్ వార్ సున్నాని సరైన అంకెగానే ఒప్పుకుని సున్నా ఇస్తుంది, తప్పయితే ఫాల్స్ ఇస్తుంది. ముందు ఆశ్చర్యార్థకం (కాదు అనే గుర్తు) పెట్టి ఇఫ్ రాశారంటే సున్నా కూడా ఫాల్స్ కిందే లెక్క, బ్యాచిలర్లు మళ్ళీ తండ్రులే. ఫాల్స్‌తో మూడు ఈక్వల్స్ పెట్టి పోల్చండి. రెండు ఈక్వల్స్ నమ్మకండి. 2020లో పీహెచ్‌పీ 8 వచ్చేదాకా వాటి లెక్కలో "రాము" అన్న మాట కూడా సున్నాకి సమానమే.

కారు సంగతి ఇంకో రకం. టిక్ పెట్టని చెక్‌బాక్స్ సర్వర్‌కి రానే రాదు. కానీ కంటికి కనబడకుండా దాచిన గడి మాత్రం వస్తుంది. కొందరు టిక్ పెట్టి, నంబరు సగం కొట్టి, మనసు మారి టిక్ తీసేశారు. గడి మాయమైంది, లోపల రాసింది అలాగే ఉంది. సర్వరేమో బండి నంబరు తప్పు అంటుంది. తప్పున్న గడి వాళ్ళకి కనబడదు! ఫోన్లన్నీ మాస్టారికే. టిక్ వస్తేనే నంబరు చూడు, రాకపోతే ఏమున్నా పారేయి అని పై ఇఫ్, లోపల ఇఫ్ రాస్తే పోయేదానికి అంత గొడవ. ఆ లోపలి ఇఫ్ కూడా లోకం తెలిసి రాయాలి. రెండు అక్షరాలతో మొదలవ్వాలని రాస్తే, 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ బండ్లు అంకెలతో మొదలవుతాయి. బదిలీల మీద తిరిగే ఉద్యోగాలవాళ్ళు తీసుకునేది అవే. టీఎస్ ఒక్కటే రాస్తే 2024 నుంచి వచ్చిన టీజీ బండ్లు బయటే.

అసలు నా కడుపుమంట పేరు గడి గురించి. తెలుగువాళ్ళ ఉగాది ఫారంలో పేరు తెలుగులో రాస్తే "ప్లీజ్ ఎంటర్ ఎ వాలిడ్ నేమ్" అని వచ్చింది. ఏ నుంచి జెడ్ వరకు, మధ్యలో స్పేసు. ఎక్కడినుంచో తెచ్చి అతికించిన షరతు. సరిచేయమంటే యూనికోడ్ (అన్ని భాషల లిపులకీ కోడ్‌లిచ్చే పద్ధతి) అక్షరాలకి మార్చాడు, అయినా "రమ" వెళ్ళింది కానీ "రాము" వెళ్ళలేదు. ఎందుకంటే మన గుణింతాలు యూనికోడ్‌లో లెటర్లు కావు, మార్కులు. షరతులో లెటర్లని సూచించే పీ ఎల్‌తో పాటు మార్కులని సూచించే పీ ఎమ్ కూడా కలపాలి, యూనికోడ్‌గా చదవమని చివర యూ పెట్టాలి. అదీ అయ్యాక పొడవు దగ్గర ఆగింది. "వెంకటేశ్వర్లు" చేత్తో రాస్తే ఐదక్షరాలు, యూనికోడ్‌లో 13, పొడవు చెప్పే ఎస్‌టీఆర్ లెన్ ఫంక్షన్ లెక్కలో 39, ఎందుకంటే అది బైట్లు లెక్కపెడుతుంది. ముప్పై దాటకూడదని షరతు. పాపం ఆయన ఇంటిపేరు ఇంకా రాయనే లేదు. బైట్లు కాకుండా యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టే ఎంబీ ఎస్‌టీఆర్ లెన్ వాడితే సరిపోయేది.

ఇంటిపేరంటే గుర్తొచ్చింది. లాస్ట్ నేమ్ తప్పనిసరి, కనీసం మూడక్షరాలు అని రాసేవాళ్ళు మన దక్షిణాదిని ఎప్పుడైనా చూశారా? మా టీమ్‌లో తమిళ అబ్బాయికి ఉన్నదల్లా ఒక ఇనీషియల్. ప్రతి ఫారంలోనూ తన పేరే రెండుసార్లు రాసుకుంటాడు.

మీ ఫారంలో అడ్రస్ గడి ఉంటే ఒక్క మాట వినండి. హ్యాష్, స్లాష్ ఉండకూడదని ఇఫ్ రాయకండి. బెంగళూరులో చాలామంది ఇంటి నంబరే హ్యాష్‌తో మొదలై స్లాష్ దాటి ఫోర్త్ క్రాస్, సెకండ్ మెయిన్ అంటూ పోతుంది. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (గడిలోంచి డేటాబేస్‌కి ఆజ్ఞలు దూర్చే దాడి) భయంతో ఆ గుర్తులు ఆపుతారు కానీ, ఆ భయానికి మందు ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (రాసిందాన్ని ఆజ్ఞగా కాక డేటాగానే పంపే పద్ధతి), పేజీలో మళ్ళీ చూపించేటప్పుడు, రాసింది కోడ్‌గా నడవకుండా హెచ్‌టీఎంఎల్ స్పెషల్ చార్స్ ఫంక్షన్. ఆ రెండూ పెట్టుకుని, అడ్రస్ మరీ పొడవైపోకుండా, ఖాళీగా ఉండకుండా చూసుకోండి, చాలు. ఇంకోటి, ఒక గడి తప్పయిందని మిగతావన్నీ ఖాళీ చేసి చూపించకండి. అన్ని తప్పులూ ఒకేసారి చెప్పి, రాసినవి రాసినట్టే ఉంచండి. మా మాస్టారు నాలుగోసారి మళ్ళీ మొదట్నుంచి కొట్టాల్సొచ్చి, చివరికి ఫోన్ పక్కన పడేసి కాయితం మీద రాసిచ్చారు.